మైనస్ ఇరవై మూడు

పధ్నాలుగో భాగం

పోయినవారం మనం టీచరమ్మని యూనివర్సిటీ లైబ్రరీలో, కిటికీ పక్క బల్ల దగ్గర, ఇరవై నాలుగు అనే అంకె ముందు తల పట్టుకుని కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. మనకి వారం గడిచింది గానీ ఆవిడకి గంటన్నరే అయింది. శుక్రవారం మధ్యాహ్నం మూడు కావస్తోంది. సోమవారం పొద్దున పదింటికల్లా నోటుబుక్కు ఇచ్చెయ్యాలి.

కథలోకి ఇవాళే అడుగు పెట్టినవాళ్ళకి రెండు ముక్కలు. ఇరవై ఒక్క ఏళ్ళు ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్పి, నలభై ఏడో ఏట బుద్ధి పుట్టి, బడికి రెండేళ్ళు సెలవు పెట్టి పై చదువుకి వచ్చిన మనిషి ఈవిడ. మిగతా పేపర్లన్నీ ఎలాగో ఈది ఒడ్డెక్కింది. బీజీయ సంఖ్యా సిద్ధాంతం ఒక్కటే కొరకరాని కొయ్యగా మిగిలింది. కిందటేడు ఒకసారి తప్పింది. ఈసారీ తప్పితే జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. వచ్చే నెలకి సెలవు అయిపోతుంది. డిగ్రీ లేకుండా అదే బడికి, అదే స్టాఫ్ రూముకి తిరిగి వెళ్ళాలి. ఈ వయసులో ఇదంతా అవసరమా అని నవ్వినవాళ్ళందరూ ఆ స్టాఫ్ రూములో అవే కుర్చీల్లో కూర్చుని ఉన్నారు.

ఈ కోర్సు చెప్పే పెద్ద సారుది విచిత్రమైన పద్ధతి. మొదటి రోజున ఒక రేకు డబ్బాలో చీటీలు వేసి క్లాసంతా తిప్పుతాడు. ఒక్కో చీటీలో ఒక్కో అంకె. ఎవరికి ఏది వస్తే పన్నెండు వారాలూ దానితోనే కాపురం. ఆ అంకె వర్గమూలాన్ని మామూలు సంఖ్యల్లో కలిపితే ఒక కొత్త సంఖ్యల లోకం తయారవుతుంది. వారానికొక ప్రశ్న చొప్పున ఆ లోకాన్ని తవ్వి నోటుబుక్కులో రాయాలి. ట్యూటర్ దిద్ది మార్కులు వేస్తుంది. ఆ మార్కులు ఆ నోటుబుక్కులో తప్ప ఇంకెక్కడా ఉండవు, చివర్న పెద్ద సారు చూసేది దాన్నే. ఆయనకి మనుషుల పేర్లు గుర్తుండవు, చీటీలో అంకెతోనే పిలుస్తాడు. టీచరమ్మకి మైనస్ ఇరవై మూడు వచ్చింది. ఆ సంగతి ఇంట్లో చెబితే వదిన, అంటే లిఫ్టు మెకానిక్కుగా పనిచేసే మొగుడి అక్క, చేతిలో గరిటె ఆపి, "ఇన్నాళ్ళూ మా తమ్ముడే నిన్ను సున్నా కింద కట్టేశాడనుకున్నా. మీ సారు ఇంకా కిందికి తోశాడన్నమాట" అంది. అంటుంది గానీ, ఈ రెండేళ్ళూ ఈవిడ వంటగదిలో అడుగు పెట్టకుండా ఇంటిని లాక్కొచ్చింది ఆ వదినే.

ఇక ఇరవై నాలుగు సంగతి. మామూలు సంఖ్యల్లో ఆరుని విడగొడితే రెండూ మూడూ వస్తాయి, ఎవరు విడగొట్టినా అవే. కొత్త లోకాల్లో ఆ భరోసా ఉండదు. అది ఎంతమేరకు చెడిందో చెప్పే అంకెని క్లాస్ నంబర్ అంటారు. కోర్సంతా తిరిగి తిరిగి చివరికి దాని దగ్గరికే చేరుతుంది. టీచరమ్మ లెక్కలో అది ఆరు అని తేలి పది రోజులయింది. ఇవాళ ఫెయిర్ కాపీ రాస్తూ, ఎందుకైనా మంచిదని ఇరవై నాలుగుని తీసుకుని ఇంకో దారిలో విడగొట్టి చూసింది. అక్కడే కథ అడ్డం తిరిగింది. రెండు అడుగులకొకసారి ఇంటికొస్తుందని, అంటే తనని తనతో గుణిస్తే ఆ లోకంలో ఒక సంఖ్యగా తేలుతుందని, తను రుజువు చేసిన ముక్క ఒకటి, మూడు అడుగులకి కూడా ఇంటికి వచ్చి తీరాలంటోంది లెక్క. రెండిటికీ వచ్చి మూడిటికీ వచ్చేదైతే అది అసలు గడప దాటనే లేదన్నమాట. గడప దాటిందని తన చేత్తో తనే ఎనిమిదో వారంలో రాసి ఉంది. రెండూ నిజం కావడానికి వీల్లేదు.

గంటన్నర సేపు ఇరవై నాలుగునే అనుమానించింది. కూడికలు సరిచూసింది, గుణకారాలు సరిచూసింది. దాని తప్పేమీ లేదు. అప్పుడు కళ్ళజోడు తుడుచుకుని నోటుబుక్కుని వెనక్కి తిప్పడం మొదలుపెట్టింది. పదో వారం, తొమ్మిది, ఎనిమిది. ప్రతి పేజీ దానికి ముందు పేజీ మీద ఆనుకుని ఉంది. ప్రతి పేజీలోనూ రైటు మార్కు. పదికి తొమ్మిది, పదికి పది. అలా పోయి పోయి మూడో వారం దగ్గర చెయ్యి ఆగింది.

మూడో వారం ప్రశ్న చిన్నదే. నీ లోకంలో పూర్ణసంఖ్యలు ఎవరెవరో జాబితా రాయి. అందులో సగాలకి చోటుందా లేదా అన్నది చీటీలో అంకెని నాలుగుతో భాగించి చూస్తే తెలిసిపోతుంది. శేషం ఒకటైతే కొన్ని సగాలు కూడా పూర్ణసంఖ్యలే అవుతాయి, మూడైతే కావు. టీచరమ్మ గుండ్రటి అక్షరాలతో శేషం మూడు అని రాసుకుంది. ఐదు నాలుగులు ఇరవై, ఇరవై మూడులోంచి తీసేస్తే మూడు. ఇరవై ఒక్క ఏళ్ళు వందల మంది పిల్లల చేత వల్లె వేయించిన భాగహారం. అంకె ముందు మైనస్ ఉన్న సంగతి చెయ్యి పట్టించుకోలేదు. మైనస్ ఇరవై నాలుగుకి ఒకటి కలిపితే మైనస్ ఇరవై మూడు. శేషం ఒకటి. సగాలన్నిటినీ గుమ్మం బయటే నిలబెట్టి, లోపలున్నవాళ్ళనే లెక్కపెట్టుకుంటూ తొమ్మిది వారాలు గడిపేసింది. అక్కడి కుర్రకారులో ఎవ్వరూ చెయ్యని తప్పు అది. ఏళ్ళ తరబడి చిన్న క్లాసులకి పాఠం చెప్పిన చెయ్యి మాత్రమే చేసే తప్పు.

ఆవిడకి ముందు ఏడుపు రాలేదు, కోపం రాలేదు. ఒళ్ళంతా నీరసం కమ్మింది. బల్ల మీద తల పెట్టుకుని పడుకుందామనిపించింది. ఆ తర్వాతే ఆ శేషం మూడు పక్కన ఉన్నదేమిటో కంటబడింది. ఎర్రటి రైటు. పదికి పది.

ట్యూటర్ గది నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచెయ్యడం లేదు. లిఫ్టు మెకానిక్కుని కట్టుకుని కూడా ప్రతిచోటా మెట్లెక్కడమే రాసిపెట్టి ఉంది నాకు అనుకుంటూ, మోకాళ్ళ మీద చెయ్యి వేసుకుని, అంతస్తుకొకసారి ఆగి ఎక్కింది.

గదిలో రెండు బల్లలు, మూతపడని కిటికీ, నేల మీద నోటుబుక్కుల దొంతరలు. బల్ల వెనక కూర్చున్న అమ్మాయికి ఇరవై ఆరేళ్ళుంటాయి. ఈమెని మనం ఇదివరకే చూశాం. పన్నెండేళ్ళ కిందట టీచరమ్మ దగ్గరే ఎనిమిదో తరగతి చదివింది. రాసినదానికంటే చెరిపింది ఎక్కువ కావడంతో క్లాసంతా రబ్బరు అని పిలిచేవాళ్ళు. ఇప్పుడు పెద్ద సారు దగ్గర పరిశోధన చేస్తూ, ఈ కోర్సుకి ట్యూటరు. ఆ ఉద్యోగం ఉంటేనే హాస్టల్లో గది, పరిశోధనకి అనుమతి. పాత టీచరు గుమ్మంలో కనబడగానే రబ్బరు లేచి నిలబడింది.

"కూర్చోండి టీచర్. మెట్లెక్కి వచ్చారా? ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్ని కదా."

టీచరమ్మ కూర్చోలేదు. నోటుబుక్కు బల్ల మీద పెట్టి, తెరవకుండానే అడిగింది. "మైనస్ ఇరవై మూడుని నాలుగుతో భాగిస్తే శేషం ఎంత?"

రబ్బరు చేతులు వాటంతట అవే వెనక్కి వెళ్ళాయి, క్లాసులో ప్రశ్న అడిగినప్పుడు నిలబడ్డట్టే నిలబడింది.

"ఒకటి, టీచర్."

"ఇందులో ఎంత రాసుంది?"

"మూడు."

"పుస్తకం తెరవకుండానే చెప్పేశావే. ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"మూడో వారం నుంచి."

కిటికీ రెక్క గాలికి ఒకసారి కొట్టుకుంది. టీచరమ్మ అప్పుడు కూర్చుంది.

"తెలిసీ రైటు పెట్టావు. తర్వాత దాని మీద నేను కట్టుకుంటూ పోయిన ప్రతిదానికీ రైటు పెట్టావు. నీకు నేను చేసిన అన్యాయం ఏమిటమ్మా? ఎనిమిదో క్లాసులో ఒకసారి సున్నా వేశాను, జవాబు సరిగ్గానే వచ్చినా మధ్యలో స్టెప్పులు తప్పని. దానికా ఇది?"

"అయ్యో, కాదు టీచర్." రబ్బరు కళ్ళు అప్పటికే నిండాయి. "ఆ సున్నా వల్లే నాకు లెక్కలొచ్చాయి. ఇంటికెళ్ళి రెండు రోజులు ఏడ్చాను, మూడో రోజు కూర్చుని మొదట్నించీ చేశాను. మీరు వెయ్యకపోయుంటే నేనివాళ ఈ గదిలో ఉండేదాన్ని కాదు."

"మరి నాకెందుకు వెయ్యలేదు?"

రబ్బరు నేల వైపు చూస్తూ చెప్పింది.

"ఆ వారం మీ చేతిలో ఫారం ఉంది టీచర్. కోర్సు మానేస్తామని రాసిచ్చే ఫారం. ఇవ్వడానికి శుక్రవారమే ఆఖరు. కారిడార్లో బెంచీ మీద కూర్చుని సంతకం దాకా నింపి పెట్టుకున్నారు. నేను చూశాను. అదే రోజు మీ నోటుబుక్కు దిద్దుతున్నాను. ఆ ఎర్ర గీత పెడితే మీరు ఆ ఫారం ఇచ్చేసి వెళ్ళిపోతారని తెలుసు. ఒక్క వారం పోనీలే, మీరే చూసుకుంటారులే అనుకున్నా. నాలుగో వారం కొట్టేద్దామంటే మూడో వారం ఎందుకు కొట్టలేదని అడుగుతారు. ఐదో వారం అలాగే. ఇక తర్వాత నోరు పెగల్లేదు."

టీచరమ్మకి ఆ శుక్రవారం బాగా గుర్తుంది. ఆ పదికి పది చూసుకుని, ఫారాన్ని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేసి, ఇంటికెళ్ళి వదినకి మరీ చెప్పింది, నాకూ వస్తోంది వదినా అని. ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా వెన్ను నిటారుగా పెట్టి నడిచింది ఆ పది మార్కుల బలం మీదే. అది జాలిపడి వేసిన పది. తన దగ్గర చదువుకున్న పిల్ల తన మీద జాలిపడింది. లెక్క తప్పినందుకు కాదు గానీ, ఈ మాటకి ఆవిడ నోటుబుక్కుని తన వైపుకి లాక్కుంది.

"నువ్వు నా మంచికే చేశావు," అంది చివరికి. "మంచికే చేసి నన్ను నిలువునా ముంచావు. అప్పుడే కొట్టేసుంటే మానేసేదాన్నేమో. మానేసినా అది నా నిర్ణయం అయ్యేది."

రబ్బరు సొరుగు లాగి ఒక కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. ఇరవై ముప్ఫై కాగితాలు, పిన్ను గుచ్చి ఉన్నాయి.

"మైనస్ ఇరవై మూడుకి మొత్తం చేసి పెట్టాను టీచర్. సగాలతో సహా. క్లాస్ నంబర్ మూడు వస్తుంది. శని ఆదివారాలు కూర్చుని చూసి రాసేస్తే సోమవారానికి అయిపోతుంది. ఎవరికీ తెలీదు."

టీచరమ్మ ఆ కట్టని చేతిలోకి తీసుకుంది. ఉన్న మాట చెప్పుకోవాలి, వెంటనే వెనక్కి నెట్టెయ్యలేదు. మొదటి పేజీ చదివింది, రెండో పేజీ తిప్పింది. రెండుని విడగొట్టేచోట తను ఒక్క ముక్కని చూస్తే, ఇక్కడ రెండు వేరువేరు ముక్కలున్నాయి. ఎంత హాయిగా ఉంది లెక్క. ఎక్కడా దేనికీ అడ్డం పడటం లేదు. అలిసిపోయిన మనిషికి ఎవరో పరుపు వేసి పడుకోమన్నంత హాయిగా ఉంది. రెండు రోజుల రాత పని, డిగ్రీ వచ్చేస్తుంది, స్టాఫ్ రూములో నోళ్ళు మూతపడతాయి.

కట్టని తిరిగి బల్ల మీద పెట్టేసింది. "ఇది నీ చేతి లెక్క. దీన్ని నేను దించుకుంటే రేపు పిల్లల దగ్గర ఏ మొహం పెట్టుకుని కాపీ కొట్టొద్దని చెప్పను?"

"అయితే ఇంకో దారుంది," అంది రబ్బరు. "దిద్దినవాళ్ళ తప్పని తేలితే విద్యార్థికి ఆరు వారాలు గడువిస్తారు. రూల్సులో ఉంది. నేను కావాలని తప్పు దిద్దానని సారుతో చెప్పండి."

"చెబితే నిన్ను?"

"తీసేస్తారు."

"నోరు మూసుకో," అంది టీచరమ్మ. నోటుబుక్కు చంకలో పెట్టుకుని లేచింది.

పెద్ద సారు గది కింది అంతస్తులోనే. మెట్లు దిగుతూ ఏం చెప్పాలో కూడగట్టుకుంది. తప్పు నాది. మూడో వారంలో శేషం తప్పు తీశాను. సోమవారానికి మొత్తం తిరిగి చెయ్యడం నా వల్ల కాదు. చేసినంతవరకు చేసి ఇస్తాను, మీకు ఎన్ని మార్కులు వెయ్యాలనిపిస్తే అన్నే వెయ్యండి. అంతే. రైటు మార్కు ఊసు ఎత్తకూడదు. తప్పుతాననే అనుకుంది. తప్పితే తప్పనీ, ఇకనైనా కాస్త నిద్రపోవచ్చు అనుకుంది.

ఆయన చాక్‌పీసు పొడి అంటిన కోటుతోనే కూర్చుని, చల్లారిన టీ తాగుతున్నాడు. మాటమాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ ఆవిడ చెప్పింది. ఆయన తొందరపెట్టలేదు. చివరిదాకా విని చెయ్యి చాచాడు.

"ఇలా ఇవ్వండి. ఏ పేజీ?"

మూడో వారం పేజీ తీసి చూపించింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, కాగితానికి మొహం దగ్గరగా పెట్టి చదివాడు. నవ్వు లాంటిదేదో వచ్చి ఆగిపోయింది.

"మైనస్ మింగేశారు. సరే, ఇది మనుషులు చేసే తప్పే. ఇరవై నాలుగుతో మీకు మీరే పట్టుకున్నారు కూడా. ఆ పట్టుకోవడం నేర్పడానికే నేను ఈ కోర్సు చెబుతాను." వేలు పక్కకి జరిగింది. "మరి ఈ రైటు ఎవరు పెట్టారు?"

ఇరవై ఒక్క ఏళ్ళుగా హెడ్మాస్టరు గది గుమ్మంలో పిల్లల్ని వెనక నిలబెట్టుకుని, కిటికీ అద్దం ఎవరు పగలగొట్టారంటే నా పొరపాటేనండీ అని చెప్పిన మనిషి టీచరమ్మ. నోరు తన పని తను చేసుకుపోయింది.

"నేనేనండీ," అంది. "నేనే పెట్టుకున్నాను."

అన్నాక గానీ ఏమన్నదో ఆవిడకే తెలియలేదు. తప్పు చెయ్యడం వేరు, మార్కులు తనకి తనే వేసుకోవడం వేరు. మొదటిదానికి పేపరు పోతుంది. రెండోదానికి యూనివర్సిటీ బడికి ఉత్తరం రాస్తుంది. అది వెళ్ళిందంటే మళ్ళీ పాఠం చెప్పడానికి కూడా ఉండదు.

పెద్ద సారు నమ్మలేదు. టేబుల్ మీదున్న ఎర్ర పెన్ను మూత తీసి, తెల్ల కాగితం ఒకటి ఆవిడ ముందుకి జరిపాడు.

"అయితే ఇక్కడ ఇంకో రైటు పెట్టండి. పక్కన పదికి పది వెయ్యండి."

పెన్ను తీసుకుంది. లక్షసార్లు గీసిన గీత కావడంతో చెయ్యి తడబడలేదు. కింద చిన్న కొక్కెం, పైకి పొడుగ్గా సాగి చివర్న కుడివైపుకి వంగిన తోక. ఆయన ఆ కాగితాన్ని నోటుబుక్కు పక్కన పెట్టాడు. కొక్కెం అదే, తోక అదే, ఒకటి పక్కన సున్నా కాస్త కిందికి జారడం కూడా అదే. టీచరమ్మకి అప్పుడు తట్టింది. ఎనిమిదో తరగతిలో పిల్లల చేత ఒకరి పుస్తకాలు ఒకరితో దిద్దించేది. రైటు ఎలా పెట్టాలో వాళ్ళు నేర్చుకున్నది తన చేతిని చూసే.

ఆయన మొహంలో ఇందాకటి మెత్తదనం పోయింది. ఎందుకో బాధపడ్డట్టు కూడా కనిపించాడు.

"మీరు అబద్ధం చెబుతున్నారనుకున్నాను," అన్నాడు. "నిజమే చెప్పారు."

ఫోను దగ్గరికి లాక్కుని నంబరు నొక్కడం మొదలుపెట్టాడు. గుమ్మం దగ్గర అలికిడయింది. కాగితాల కట్ట గుండెకి ఆనించుకుని రబ్బరు నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో.

టీచరమ్మ వెనక్కి తిరగలేదు. "నీకు పనేం లేదా? నీ గదికి వెళ్ళు," అంది, క్లాసులో అనే గొంతుతోనే.

"రిజిస్ట్రారు గారున్నారా?" అంటున్నాడు పెద్ద సారు ఫోన్లో. "ఒక విద్యార్థిని మీద ఫిర్యాదు రాయించాలి."

ఎనిమిదో తరగతి నుంచి ఇవాళ్టిదాకా రబ్బరు టీచర్ మాట జవదాటింది లేదు. గుమ్మం దాటి లోపలికి వచ్చి, తలుపు మూసింది.